మంగళవారం పొగ

ఫిన్లాండులోని కైనూ సీమలో, లెహ్తోవారా ఊరి చుట్టుపక్కల నర్సు హిల్క వారిస్ కారు చప్పుడు వినపడగానే ఇంటింటా పొయ్యి మీదికి కాఫీ గిన్నె ఎక్కేది. ఇంటికొచ్చిన నర్సుకి కాఫీ పోయకుండా పంపడం అక్కడ ఎవరికీ చేతకాదు. పోసిన కాఫీ వద్దనడం హిల్కకి చేతకాదు. ఎన్ని గడపలు తొక్కితే అన్ని కప్పులు తాగేది. "నన్ను కోస్తే రక్తం రాదు, కాఫీ వస్తుంది" అని తనే నవ్వేది.

హిల్క తండ్రి నదిలో కలప దుంగలను దిగువకు నడిపే పని చేసేవాడు. తల్లికి నలభై దాటగానే పక్షవాతం వచ్చింది. మంచంలో ఉన్న మనిషిని ఎలా ఒత్తిగిలించాలో, వీపు మీద పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలో హిల్క చేతులు ముందు నేర్చుకున్నాయి. ఆ తర్వాతే పట్నం వెళ్లి నర్సింగ్ చదివింది. ఆ రోజుల్లో ఫిన్లాండులో పని దొరకని వాళ్లంతా స్వీడన్ ఓడ ఎక్కేవాళ్లు, హిల్క కూడా ఎక్కింది. అక్కడ ఒక పెద్దాసుపత్రిలో గుండె జబ్బుల వార్డులో చాలా ఏళ్లు పనిచేసింది. ఒకాయన్ని పెళ్లాడి, ఆయనతో పడలేక, ఆయన్ని అక్కడే వదిలేసి ఆయన ఎర్ర కారు మాత్రం తోలుకుని వచ్చేసింది. ఆ పెళ్లిలో పనికొచ్చిన వస్తువు అదొక్కటే అనేది.

మా వైపు మగాళ్లు ఒక చలికాలం మొత్తం మాట్లాడే మాటలు హిల్క ఒక్క పూటలో మాట్లాడేది. పైగా వారిస్ అంటే మా భాషలో కాకి. ఇంక చెప్పేదేముంది? ఆమె గడప ఎక్కగానే "కాకి వచ్చింది, చెవుల్లో దూది పెట్టుకోండి" అనని ముసలాడు లేడు. ఆమె కూడా ఊరుకునేది కాదు. "కాకి అరిస్తేనే మీరు బతికున్నారో పోయారో తెలుస్తోంది, లేకపోతే తేడా ఏముంది?" అనేది.

షుగరు, బీపీ, గుండె, ఆయాసం, పక్షవాతం, మానని పుళ్లు, మూత్రం గొట్టాలు: ఆమె తిరిగే ఇళ్లల్లో ఉన్న జబ్బులు ఇవే. జబ్బులు ఎప్పుడూ పాతవే, మనుషులే కొత్త కొత్త సాకులు కనిపెట్టేవాళ్లు. ఊపిరితిత్తులు పాడైపోయిన ఒక ముసలాయన సిగరెట్లు బంగాళాదుంపల బుట్టలో దాచేవాడు. బీపీ ఉన్న ఒకావిడ ఉప్పుచేపల జాడీ మీద బైబిల్ పెట్టి, నర్సు దాన్ని కదపదులే అనుకునేది. హిల్క కదిపేది. బతిమాలితే వినని వాళ్లని బెదిరించడం ఆమె అలవాటు. "కాలు తీసేస్తారు", "మూతి వంకరపోతుంది" అని మొహం మీదే అనేది. చాలా ఇళ్లల్లో అది పనిచేసింది కూడా. అందుకే విల్యో దగ్గరా అదే వాడింది.

విల్యో కర్పినెన్, ఒన్ని కర్పినెన్ అన్నదమ్ములు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, పుట్టిన ఇల్లు వదల్లేదు. సరస్సు ఒడ్డున ఇల్లు, ఇంటికీ నీళ్లకీ మధ్య దుంగలతో కట్టిన సౌనా. వాళ్లమ్మ ఇద్దర్నీ ఆ ఆవిరి గదిలోనే కన్నది, ఆ కాలంలో ఊళ్లో కాన్పులన్నీ అక్కడే. తమ్ముడు ఒన్నికి షుగరు వల్ల చూపు పూర్తిగా పోయింది, ఎడమ మడమ మీద పుండు ఏడాది నుంచీ మానడం లేదు. అన్న విల్యో వంట చేస్తాడు, కట్టెలు కొడతాడు, తమ్ముడికి సూది మందు వేస్తాడు. శనివారం సాయంత్రం కాలికి ప్లాస్టిక్ సంచి కట్టి, సౌనాలో కూర్చోబెట్టి ఒళ్లు రుద్దుతాడు. ఇంటి నుంచి సౌనాకీ, అక్కడి నుంచి మరుగుదొడ్డికీ ఒక తాడు కట్టాడు. ఒన్ని ఆ తాడు పట్టుకుని ఎక్కడికైనా తనే వెళ్లొస్తాడు.

ఆ వేసవిలో విల్యో గుండె నీరసపడి ఒంటికి నీరు పట్టింది. ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి పంపారు. అన్ని రోజులూ వేసవి సెలవులకొచ్చిన పక్కింటివాళ్లు ఒన్నిని చూసుకున్నారు. విల్యో ఇంటికొచ్చిన మర్నాడు హిల్క బరువు చూసే మిషన్ తెచ్చి కిటికీ కింద పెట్టింది.

"చూడు విల్యో, నీ గుండె ముసలి గుర్రం. లాగలేకపోతే నీళ్లు వెనకాల నిలబడిపోతాయి. నిలబడ్డ నీళ్లు ముందు ఇక్కడ కనిపిస్తాయి, మిషన్ మీద. రోజూ పొద్దున్నే ఎక్కు. మంగళవారం, శుక్రవారం నేనొచ్చి చూస్తా."

"కనిపిస్తే?"

"రెండు కిలోలు పెరిగిందంటే ఇంక మాటల్లేవ్. అంబులెన్సు ఎక్కాల్సిందే."

విల్యో మిషన్ కేసి చూశాడు, తర్వాత కుర్చీలో కూర్చున్న తమ్ముడి కేసి చూశాడు. ఏమీ అనకపోవడం అతనికి మామూలే కాబట్టి హిల్క కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆకులు రాలే రోజుల దాకా అంతా బాగానే జరిగింది. విల్యో మిషన్ ఎక్కేవాడు, బరువు కదిలేది కాదు. "శెభాష్! నీలాంటి రోగి ఇంకొక్కడుంటే నాకు సగం పని తగ్గుతుంది" అని హిల్క మెచ్చుకునేది. విల్యో గడ్డం గోక్కునేవాడు.

ఒక మంగళవారం పొద్దున కారు మలుపు తిరుగుతుంటే సౌనా పొగగొట్టం నుంచి పొగ కనపడింది. గడ్డకట్టే చలిలో పొగ నిటారుగా లేస్తోంది. మా వైపు సౌనా అంటే శనివారం. పెళ్లికో చావుకో అయితే వేరు, మంగళవారం పొద్దున్నే సౌనా వేడి చేసేవాళ్లు ఎవరూ ఉండరు. హిల్కకి ముందు వచ్చింది కోపం. ఈ మొద్దు మనుషులు పుండు కాలిని ఆవిరిలో పెడుతున్నారనుకుంది. లోపలికి వస్తూనే ఒన్ని కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పింది. కట్టు పొడిగా ఉంది, ఆమె వేసిన ముడి ఆమె వేసినట్టే ఉంది. పుండు అంచు మాత్రం కాస్త ఎర్రగా ఉంది, అది చాలా రోజుల నుంచీ అలాగే ఉంది.

"పొద్దున్నే సౌనా దేనికి?" అని విల్యోని అడిగింది.

"వలలు ఆరబెట్టా."

"ఇంత చలిలో పడవ వేసుకుని వెళ్లావా?"

"చేప చలిలోనేగా దొరికేది."

బరువు చూసింది. మారలేదు. రక్తపోటు కొంచెం తక్కువగా ఉంది, నాలుక ఎండిపోయినట్టుంది. నీళ్లు మరీ తక్కువ తాగుతున్నాడేమో అనుకుంది. అనుకోవడమైతే అనుకుంది గాని, మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండిపోయింది.

శుక్రవారం మళ్లీ పొగ. విల్యో వాకిట్లోకి ఎదురొచ్చాడు, తిరిగి ఇంట్లోకి వెళ్తూ దారి మధ్యలో ఆగి ఆకాశం చూశాడు. పది అడుగులేసి మళ్లీ చూశాడు.

"ఏంటి చూస్తున్నావ్?"

"హంసలు వెళ్తున్నాయేమోనని."

చలికి హంసలు దక్షిణం వెళ్లిపోయి చాలా రోజులైంది. హిల్క అతని బూట్లకేసి చూసింది. తాళ్లు కట్టలేదు, పైనుంచి కిందదాకా వదులుగా వేలాడుతున్నాయి. లోపల మిషన్ మీద మాత్రం అదే బరువు. ఆమె కాఫీ తాగుతుంటే ఒన్ని మూలనుంచి అన్నాడు:

"కాకీ, మావాడికి ఏదైనా నిద్రమాత్ర ఇవ్వు. రాత్రంతా ఆ ఊగే కుర్చీలోనే ఉంటున్నాడు. కింద చెక్క కిర్రు కిర్రుమంటుంది. నాకు నిద్ర లేదు."

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు విల్యో.

"కళ్లు ఎలాగూ మూసుకునే ఉన్నాయి, నోరు కూడా మూస్తే ఇంక శవాన్నే."

హిల్క నవ్వేసింది. కారు దగ్గరికి వెళ్తూ అలవాటుగా ఒడ్డుకేసి చూసింది. పడవ బోర్లించి ఉంది. దాని వీపు మీద రాలిన భూర్జ చెట్టు ఆకులు పసుపుపచ్చగా అంటుకుని, వాటి మీద మంచు పేరుకుని ఉంది. ఆ పడవ కదిలి వారం పైనే అయింది. పడవ కదలకపోతే వల లేదు, వల లేకపోతే ఆరబెట్టడానికి పొగ అక్కర్లేదు.

కారు నడుపుతూ ఒక్కొక్కటీ కలుపుకుంటూ వెళ్లింది. తాళ్లు కట్టని బూట్లంటే పాదాలు వాచాయి. దారిలో ఆగుతున్నాడంటే ఆయాసం. పడుకోలేక కుర్చీలో కూర్చుంటున్నాడంటే ఊపిరితిత్తుల్లోకి నీరు ఎక్కుతోంది. స్వీడన్ వార్డులో కొత్తగా చేరిన పిల్లకి కూడా నేర్పే పాఠం ఇది. మరి బరువు ఎందుకు పెరగలేదు? అప్పుడు మంగళవారం పొగ గుర్తొచ్చింది, శుక్రవారం పొగ గుర్తొచ్చింది. ఆమె వచ్చే రోజులు ఆ రెండే.

కారు పక్కకి ఆపేసింది. "దొంగ ముండాకొడుకు!" అని గట్టిగా అంది. ఆమె వచ్చే ముందు సౌనాలో కూర్చుని, చెమటగా ఎంత పోతే అంత పోగొట్టుకుని, అప్పుడు మిషన్ ఎక్కుతున్నాడు. తర్వాత దాహమేసి తాగేస్తాడు, మళ్లీ ఒళ్లు నిండుతుంది. ఇదంతా ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. తను మాత్రం ఇన్ని వారాలూ మనిషిని చూడకుండా మిషన్‌ని చూసిందని అర్థమైంది. అందుకు సిగ్గేసింది. వెంటనే కారు వెనక్కి తిప్పింది.

ఇంకా పొగ వస్తూనే ఉంది. ఇంట్లో విల్యో లేడు. "సౌనాకి వెళ్లాడు, కట్టెలు ఆర్పడానికంట" అన్నాడు ఒన్ని. మోకాళ్ల నొప్పి మర్చిపోయి హిల్క పరుగెత్తింది.

మా వైపు సౌనాలో గొంతు పెంచకూడదు. అక్కడ తిట్టుకోరు, తగవులాడుకోరు. గుడిలో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉంటారు. ఆ పద్ధతి తెలిసిన మనిషే కాబట్టి, దారిపొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ హిల్క తలుపు దగ్గరే మింగేసింది. లోపల విల్యో కింది బల్ల మీద బట్టలతోనే ముందుకి వంగి కూర్చున్నాడు. కట్టెలు ఆర్పడానికి వంగినవాడు మళ్లీ లేవలేకపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లోపల ఎసరు మరిగినట్టు గుడగుడమంటోంది.

ఆమె చంకల కింద చేతులు వేసి, బట్టలు మార్చుకునే బయటి గదిలోకి తెచ్చి, బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టింది. కాళ్లు కిందికి వేలాడేసింది. వీపుని గోడకి ఆనించి, చొక్కా గుండీలు విప్పి, తలుపు బార్లా తెరిచింది. "పడుకోకు. ఎంత నిద్రొచ్చినా పడుకోకు. నేను ఫోన్ చేసొస్తా."

ఇంట్లో ఫోను కిటికీ అరుగు మీద వల బెండ్ల కింద ఉంది. ఎవరైనా చేస్తే ఎత్తడమే తప్ప ఆ ఇంట్లోంచి ఎవరూ ఎవరికీ చేసి ఎరగరు. అంబులెన్సుకి చెప్పి హిల్క తిరిగొచ్చేసరికి విల్యో తల ఊపుతున్నాడు, వద్దని.

"బండి... వద్దు."

"వద్దంటే ఎలా? నీ ఊపిరి నీకు వినపడట్లేదా?"

"ఒన్ని..." మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకున్నాడు. "ఇప్పుడు... పక్కింట్లో ఎవరూ లేరు. పట్నం... పంపేస్తారు వాణ్ని. వృద్ధాశ్రమానికి. అక్కడ... తాడు ఉండదు."

పట్నం వృద్ధాశ్రమానికి వెళ్లిన వాళ్లలో తిరిగి ఊరికొచ్చినవాణ్ని హిల్క కూడా ఎరగదు. వేసవిలో ఆ కిటికీ దగ్గర నిలబడి తను అన్న మాట గుర్తొచ్చింది. తను అన్నది అతని బరువు గురించి. అతను విన్నది తమ్ముడి గురించి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

వాకిట్లో అడుగుల చప్పుడు వినపడింది. ఒన్ని తాడు పట్టుకుని చలిలో చొక్కాతోనే వస్తున్నాడు. తలుపు దగ్గర ఆగి, లోపలి గుడగుడ కాసేపు విన్నాడు.

"నేను మూటనా, ఎవరో పంపేయడానికి?" అన్నాడు. "వెళ్లు. నువ్వు పోతే నాకు సూది ఎవడేస్తాడు?"

"నువ్వు... ఊరుకో."

"ఊరుకోను. ఇన్నేళ్లూ ఊరుకున్నా."

హిల్క విల్యో చెయ్యి పట్టుకుంది. "విను. ఇద్దరూ కలిసే వెళ్తున్నారు, కలిసే వస్తారు. మాటిస్తున్నా."

"కాకి మాట" అన్నాడు విల్యో.

"కాకి మాటే. ఇష్టమైతే నమ్ము, లేకపోతే ఇక్కడే కూర్చుని చావు."

అంబులెన్సు వచ్చి విల్యోకి ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లింది. దాని వెనకాలే హిల్క ఎర్ర కారు వెళ్లింది. ముందు సీట్లో కట్టు కాలు చాపుకుని ఒన్ని, ఒళ్లో ఇన్సులిన్ డబ్బా, ఇద్దరి చెప్పులు.

ఆరోగ్య కేంద్రం వార్డులో పెద్ద నర్సు అడ్డం నిలబడింది. "అన్నకి పడక ఇస్తాం సరే, ఈయనకి దేనికి?"

"మడమ పుండు అంచు ఎర్రబడింది. షుగరు మనిషి. డాక్టరు చూడాలి" అంది హిల్క. అది అబద్ధం కాదు. అలాగని ఆ పూటే పడక కావాల్సినంత నిజమూ కాదు.

పెద్ద నర్సుకి ఆ సంగతి తెలుసు. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి మడమ చూసింది, వేలితో అంచు నొక్కి చూసింది. పక్కగదిలో విల్యో మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి ఇటే చూడటం గమనించింది. "ఎర్రగానే ఉంది, మందు మార్చాలి" అంది. "ఇద్దర్నీ ఒకే గదిలో వేయండి, లేకపోతే ఆయన మాస్కు పెట్టనివ్వడు."

సూది ద్వారా మందు ఎక్కాక విల్యో ఒంట్లో నీరు సీసాలు సీసాలుగా బయటికి పోయింది. వారం పాటు అన్నదమ్ములు పక్కపక్క పడకల మీద ఉన్నారు. వార్డు వాళ్లు చెప్పిందాని ప్రకారం ఆ వారంలో వాళ్ల మధ్య నడిచిన సంభాషణ ఒక్కటే.

"ఊపిరాడుతోందా?"

"ఆ."

"మంచిది."

ఇద్దర్నీ హిల్కే వెనక్కి తీసుకొచ్చి దింపింది. మిషన్ ఇంకా కిటికీ కిందే ఉంది. దాని ముందు నిలబడి, ఈసారి నెమ్మదిగా మాట్లాడింది.

"విల్యో, బండి మాట నేనిక ఎత్తను. డాక్టరమ్మ చెప్పింది, బరువు పెరిగిన రోజు ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకోటి ఎక్కువ వేసుకోవచ్చని. తొందరగా చెప్తే ఇంట్లోనే సర్దుకుంటుంది, దాచిపెడితేనే ఆసుపత్రి. పెరిగితే నాకు ఫోన్ చెయ్యి. అంతే నేనడిగేది." పెన్సిల్ తీసి తన నంబరు తలుపు చట్రం మీద పెద్ద అంకెలతో రాసింది. "సౌనా శనివారం ఒక్క రోజే. కింది బల్ల మీద, కాసేపే."

"నేను పుట్టిందే అందులో" అన్నాడు విల్యో.

"పుట్టింది చాలు. అందులోనే పోనక్కర్లేదు."

అతను తలుపు మీది అంకెలకేసి చూసి గడ్డం గోక్కున్నాడు. మనిషి మళ్లీ దాస్తాడేమోనన్న భయం హిల్కని వదల్లేదు. ఇంకొక్కసారి అలాంటి నీరు పడితే ఆ గుండె తట్టుకోదని ఆమెకి తెలుసు. ఎన్నో ఇళ్లల్లో ఎందరో ఆమెకి అబద్ధాలు చెప్పారు. సిగరెట్ల అబద్ధం, ఉప్పుచేపల అబద్ధం ఆమెని ఎప్పుడూ బాధపెట్టలేదు. ఈ ఒక్క మనిషి తనకి భయపడి చెప్పిన అబద్ధం మాత్రం బాధపెట్టింది. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఎవర్నీ ఆసుపత్రి పేరు చెప్పి బెదిరించలేదు. వాగుడు మాత్రం తగ్గలేదు.

సరస్సు గడ్డకట్టింది, మంచు పడింది. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం మలుపు తిరగ్గానే ముందు పొగగొట్టం చూసేది, తర్వాత బూట్ల తాళ్లు చూసేది, మిషన్ ఆఖరికి చూసేది. అంతా సరిగానే ఉండేది. సరిగా ఉన్నా ఆమెకి నమ్మకం కుదిరేది కాదు.

క్రిస్మస్ దాటాక ఒక ఆదివారం పొద్దున, ఇంకా చీకటి విడకముందే ఆమె ఇంట్లో ఫోను మోగింది. ఎత్తితే అవతల మాట లేదు. ఊపిరి వినపడుతోంది, కొంచెం బరువుగా. ఎవరో తప్పు నంబరు తిప్పారనుకుని పెట్టేయబోయింది.

"విల్యో" అంది అవతలి గొంతు.

హిల్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెరిగింది" అన్నాడు.

"ఎంత?"

"రెండున్నర."

"కాళ్లు?"

"బూట్లు పట్టట్లేదు."

"రాత్రి ఎక్కడ పడుకున్నావ్?"

"కుర్చీలో."

"సరే. ఇంకో మాత్ర ఇప్పుడే వేసుకో. నేనొస్తున్నా." అడగకూడదనుకుంటూనే అడిగింది. "సౌనా?"

"వెలిగించలేదు."

వెనకాల ఒన్ని గొంతు వినపడింది. "కాఫీ పెట్టాలేమో అడుగు."

ఫోను పెట్టేశాక హిల్క ఏడ్చింది. పెద్దగానే ఏడ్చింది, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి దాచుకోవాల్సిన పని లేకపోయింది. తర్వాత సంచి తీసుకుని, కారు అద్దం మీది మంచు గీకి బయల్దేరింది. మలుపు తిరిగేసరికి తెల్లవారింది. ఇంటి పొగగొట్టం నుంచి పొగ లేస్తోంది. సౌనా పొగగొట్టం మీద మంచు రాత్రి పడింది పడినట్టే ఉంది.